జవాబు పేజీలు చింపిన పుస్తకం

తక్ గ్యుసంగ్ లాంటి మొండివాణ్ని నేను మళ్లీ చూడలేదు. తెలివి లేక చెడినవాళ్లు మా సిల్లిమ్ వీధుల్లో బోలెడుమంది. వీడు తెలివి ఉండి చెడ్డాడు. అందుకే తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

చిన్నప్పుడే జొంజు నుంచి సియోల్ వచ్చి బదుక్ అనే రాళ్లాట నేర్పే బడిలో చేరాడు. పొద్దస్తమానం నల్లరాళ్లు, తెల్లరాళ్లే. అక్కడి మాస్టారు పిల్లలకు ఆట చిక్కుల పుస్తకం ఇచ్చేముందు, వెనకున్న జవాబు పేజీలు చింపి పారేసేవాడట. జవాబు ఆటబల్లమీదే ఉంది, కనబడేదాకా చూడమనేవాడట. పద్దెనిమిది నిండేలోపు పెద్ద ఆటగాళ్లలో చేరకపోతే మూట సర్దుకోవాల్సిందే. గ్యుసంగ్ సర్దుకున్నాడు. సైన్యంలో చేశాడు, గిడ్డంగుల్లో పెట్టెలు మోశాడు. ముప్పై దగ్గరపడ్డాక, ప్రోగ్రామింగ్ నేర్చుకుని ఉద్యోగం తెచ్చుకుంటానని మా గుంపులోకి వచ్చాడు.

గుంపంటే శనివారం పొద్దున స్టడీ కేఫ్‌లో కూర్చునే నలుగురం. ఉద్యోగం పోయి మళ్లీ వెతుక్కుంటున్న నేనే అందరిలో పెద్దదాన్ని. ఇక్కడ కంపెనీలు ముందు కోడింగ్ పరీక్ష పెడతాయి, అది గట్టెక్కితేనే మన మొహం చూస్తాయి. అందుకని రోజుకో లెక్క చేస్తాం. గంటసేపు తన్నుకున్నా రాకపోతే జవాబు చదివి, మూసేసి, మర్నాడు చూడకుండా రాయాలి. గ్యుసంగ్ తన్నుకోవడం దగ్గరే ఆగేవాడు.

ఊళ్ల మధ్య దారులిచ్చి, ఈ ఊరి నుంచి ఆ ఊరికి అతి తక్కువ దూరమెంతో చెప్పమనే లెక్క ఒకటుంది. వసంతంలో దాని దగ్గర కూలబడ్డాడు. నాలుగైదు ఊళ్లయితే వాడి ప్రోగ్రాం సరిగ్గానే చెప్పేది. వేల ఊళ్లిస్తే మాత్రం ‘సమయం మించింది’ అని తెరమీద ఎర్రటి అక్షరాలు పడేవి.

ఆకులు రాలే రోజులొచ్చాయి. "ఇంకా అదేనా?" అన్నాను.

"దగ్గరికొచ్చేశానక్కా."

"నీ మొండితనం పాడుగాను. జవాబు చదవరా, పది నిమిషాల పని."

"చదివితే అది నాదెలా అవుతుంది?"

"ఉద్యోగం నీదవుతుంది. చాలదా?"

కింబాప్ ముక్క నోట్లో పెట్టుకుని నవ్వాడు. "మాస్టారు వింటే నా చెవి మెలేసేవాడు."

"బల్లమీద రాళ్లన్నీ ఎదురుగా ఉంటాయి, కూర్చుంటే కనబడొచ్చు. ఇది ఎవరో ఎప్పుడో కనిపెట్టిన పద్ధతి. తెలిస్తే తెలుసు, లేకపోతే లేదు. అయినా ఆ మాస్టారేగా నిన్ను ఇంటికి పంపింది?"

వాడి నవ్వు ఆగిపోయింది. లెక్క మాత్రం వదల్లేదు.

ఆ వయసులో, అనుభవం లేనివాణ్ని ఎవరు పిలుస్తారు? చలికాలంలో ఒకే ఒక్క కంపెనీ పరీక్షకు పిలిచింది. ఇది పోతే మళ్లీ గిడ్డంగే అని వాడికీ తెలుసు, మాకూ తెలుసు. పరీక్ష రాసిన వారం మా బల్ల దగ్గరికొచ్చి కోటు విప్పకుండానే కూర్చున్నాడు.

"మొదటిదే ఊళ్ల లెక్క వచ్చిందక్కా."

"మిగతావి?"

"తెరవలేదు."

"ఎందుకు తెరవలేదురా?"

"ఇంక కనబడబోతోందనిపించింది."

జవాబు తెరిచి ల్యాప్‌టాప్ వాడివైపు తిప్పాను. ఉన్నదల్లా పిడికెడు. చేరగలిగిన వాటిలో ఎప్పుడూ బయల్దేరిన చోటికి అన్నిటికంటే దగ్గరున్న ఊరినే ముందు తీసుకో, తేల్చేసిన ఊరికి మళ్లీ పోకు. అంతే. గ్యుసంగ్ చదివాడు. తర్వాత వేసవిలో తను రాసిన ప్రోగ్రాం తెరిచాడు. తేల్చేసిన ఊరికి మళ్లీ పోకూడదన్నది అందులో ఉంది. దగ్గరున్న ఊరిని ముందు తీసుకోవాలన్నది లేదు.

"సగం కనిపెట్టాను" అన్నాడు.

"అవును."

"మిగతా సగానికి ఇంకెన్నాళ్లు పట్టేది?"

నా నోటికి అడ్డూ అదుపూ లేదంటారు. ఆ రోజు ల్యాప్‌టాప్ నావైపు తిప్పుకుని జవాబు మూసేశాను.

ఉద్యోగం రాలేదు. ఇప్పుడు పగలు పెట్టెలు మోస్తున్నాడు. శనివారాలు మానకుండా వస్తాడు, మా నియమం మాకంటే ముందే పాటిస్తాడు. ప్రశ్న చదవకముందే జవాబు తెరుస్తాడు. మొన్న పసిపిల్లలు చేసే లెక్క ఇచ్చినా అంతే.

"ఇది నీకొస్తుందిరా, కాసేపు ఆలోచించి చూడు" అన్నాను.

"ఎందుకక్కా" అన్నాడు తెరమీంచి చూపు తిప్పకుండా. "ఎవరో కనిపెట్టే ఉంటారుగా."