మా తోటలో చిమ్మటల లెక్క

శనివారం సాయంత్రం తోటలో తాడు కట్టి తెల్ల దుప్పటి ఆరేసేవాణ్ణి. దాని ముందు ఒక బల్బు వేలాడదీసేవాణ్ణి. తెల్లవారుతూనే, గోరింకలు దిగి తినేయకముందే వెళ్లి, దుప్పటి మీద వాలి ఉన్న ప్రతి చిమ్మటకూ ఫోన్లో ఫోటో తీసి, ఏ రకం ఎన్ని వచ్చాయో కాగితం మీద రాసి పరిశోధన చేసే ఒక అమ్మాయికి పంపాలి. మూడేళ్లు ఆ పని చేశాను. జీతం లేదు, ఎవరి బలవంతమూ లేదు.

జూబ్లీ హిల్స్‌లో మా నాన్నగారు కట్టిన ఇంట్లో మాకు మిగిలింది వెనకవైపు రెండు గదులు, వాటి ముందున్న తోట. ఆయన సినిమాలు తీసిన రోజుల్లో ఆ గదుల్లో నటులకు మేకప్ వేసేవారు. ఇప్పుడు అక్కడ నేనూ, భర్త పోయిన మా అక్కా ఉంటున్నాం. సానుభూతి కోసం చెప్పడం లేదు. పురుగుల మీద పరిశోధన చేసే ఆ అమ్మాయి మా గేటు దాకా ఎలా వచ్చిందో తెలియాలంటే ఇది చెప్పాలి. ఈ కొండ మీది తోటల్లో చిమ్మటల్ని లెక్కపెట్టే మనుషుల కోసం ఆమె తిరుగుతోంది. పెద్ద ఇళ్ల దగ్గర వాచ్‌మన్లు ఆమెను లోపలికి రానివ్వలేదు. మాకు వాచ్‌మన్ లేడు. ఇంత పాత తోట ఈ రోడ్డులో ఇంకోటి లేదని అంది. మా ఇంట్లో ఏదైనా గొప్పగా ఉందని ఒకరు అని చాలా ఏళ్లయింది. ఒప్పుకున్నాను.

పని నేర్పుతూ ఒక్కమాట మాత్రం ఆమె రెండుసార్లు చెప్పింది. "ఏం రాని రోజు సున్నా వెయ్యాలె సార్. సున్నా గూడ లెక్కనే."

మొదటి ఏడాది సున్నా అవసరం రాలేదు. గన్నేరు మీద పెరిగే అరచేతి వెడల్పు పచ్చ చిమ్మట, ఎండుటాకులా ముడుచుకునేది ఒకటి, బూడిద పూసినట్టుండేది ఇంకొకటి, ఇలా రకరకాలు వచ్చేవి. మా అమ్మ వీటన్నిటినీ దీపం పురుగులని చీపురుతో విదిలించేది. నేను అరవయ్యేళ్లు దాటాక వాటి పేర్లు నేర్చుకున్నాను.

రెండో ఏడాది గోడ అవతల, ఒకప్పుడు మాదైన స్థలంలో, మేడ మీద రెస్టారెంట్ తెరిచారు. కళ్లు చెదిరే తెల్ల లైట్లు తెల్లవార్లూ వెలిగేవి. చిమ్మటలన్నీ అటే పోయాయి. పొద్దున్నే అక్కడ ఊడ్చేవాళ్లు రెక్కల్ని చేటలకెత్తి పారబోయడం గోడ మీంచి చూశాను. వానలు పడేసరికి నా దుప్పటి మీద ఒక్కటీ లేదు.

ఆ ఆదివారం పొద్దున కాగితం ముందు చాలాసేపు కూర్చున్నాను. మా నాన్నగారి చివరి సినిమాలకు ముప్ఫై మంది కూడా లేని హాలు ముందు హౌస్‌ఫుల్ బోర్డు పెట్టించేవారు. సినిమావాళ్లలో అది మామూలే. మా ఇంట్లో దాన్ని అబద్ధమనలేదు, పరువు అన్నాం. నేను కిందటేడు ఇదే వారం తీసిన ఫోటోలు వెతికి, అంకెలు కొంచెం అటూ ఇటూ మార్చి పంపాను. ఆ తర్వాతి వారమూ అంతే, ఆపై వారాలూ అంతే.

అక్క కనిపెట్టింది. కాఫీ గ్లాసు పెడుతూ అంది: "పురుగులు కూడా మన గడప తొక్కడం లేదని రాయడానికి నామోషీనా తమ్ముడూ?"

నేను కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

మూడో ఏడాది ఆ అమ్మాయి మునిసిపల్ ఆఫీసులో దరఖాస్తు పెట్టింది. ఆ లైట్లు తగ్గించి, వెలుగు చుట్టూ పోకుండా వాటికి పైన కప్పులు వేయించాలని అడిగింది. చుట్టుపక్కల తోటల లెక్కలు జతచేసింది. విచారణ రోజు రెస్టారెంట్ మేనేజర్ వాటిలోంచి నా కాగితాలు తీసి అధికారి ముందు పెట్టాడట. గోడకు ఆనుకున్న తోటలోనే పురుగులు తగ్గలేదు, మరి మా లైట్లు ఏం చేశాయండీ అని అడిగాడట. అధికారి వాయిదా వేశాడు.

ఆ వారంలోనే ఆమె మధ్యాహ్నపు ఎండలో మా ఇంటికొచ్చింది. ఫోన్లో రెండు ఫోటోలు పక్కపక్కన పెట్టి చూపించింది. రెండింట్లోనూ పచ్చ చిమ్మటే. ఎడమ రెక్క అంచున అదే చిరుగు.

"ఇది బతికేదే కొన్ని దినాలు సార్. ఏడాది తర్వాత అదే చిరుగుతోని ఎట్లొస్తది?"

పొరపాటున ఫోటోలు కలిసిపోయాయని చెప్పి తప్పించుకోవచ్చు. అక్క తలుపు దగ్గరే నిలబడి ఉంది. నిజం చెప్పాను. ఏ వారం నుంచి అని అడిగితే అదీ చెప్పాను. మొదటి ఏడాదిలో ప్రతి అంకె నిజమేనన్నాను.

"అయ్యుంటది సార్. కానీ నేనెట్ల నమ్మాలె? మీ తోట మొత్తం తీసెయ్యాలె."

ఆఫీసుకు వచ్చి అధికారి ఎదుట నేనే ఒప్పుకుంటానన్నాను. మా కుటుంబంలో ఎవరూ ఒక ఆఫీసులో నిలబడి తప్పు ఒప్పుకున్నది లేదు.

"మీరొచ్చి చెప్తే మిగిలినోళ్ల లెక్కలు గూడ అబద్ధమే అంటరు. రావొద్దు సార్."

అక్క ఇచ్చిన మంచినీళ్లు తాగి వెళ్లిపోయింది. ఆ తర్వాత మళ్లీ రాలేదు. వాయిదా రోజున మా తోట తీసేశాక దూరపు తోటల లెక్కలే మిగిలాయి. లైట్లకు దగ్గరి తోటల నుంచి ఆధారం ఏదీ లేదని దరఖాస్తు కొట్టేశారు.

ఆ మర్నాడు రెస్టారెంట్ మేనేజర్ స్వయంగా మా గేటు దగ్గరకొచ్చాడు. చేతిలో స్వీట్ల డబ్బా. "మీలాంటి పెద్ద కుటుంబాల సహకారం మర్చిపోమండీ," అన్నాడు. తిప్పి ఇవ్వాలంటే కారణం చెప్పాలి. చెబితే ఆ అమ్మాయి భయపడినట్టే మిగిలినవాళ్ల లెక్కలూ అబద్ధమంటారు.

డబ్బా తీసుకున్నాను.