తుపాను షెల్టరు కింద పదో తరగతి

కరోనా సెలవులు ముగిసి బడులు మళ్లీ గాడిన పడిన ఏడాది, జూన్ నెలలో, నన్ను నెల్లూరు తీరంలోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలకు ప్రధానోపాధ్యాయినిగా బదిలీ చేశారు. సముద్రంలో వేటకు పోయే కుటుంబాల పాళెం అది. ఊరి పేరు రాయను. పిల్లల పేర్లు కూడా మార్చాను.

ఆ బడికి గదులు చాలవు. లైబ్రరీ అంటే నా గదిలోని ఒక బీరువా. భోజనాల గది లేనే లేదు. ఉన్నదల్లా ప్రహరీకి ఆనుకుని, మధ్యలో చిన్న గేటుతో, తుపాను షెల్టరు. వాయుగుండం వచ్చినప్పుడు ఊరంతా దాని పై అంతస్తులో తలదాచుకుంటుంది. మిగతా రోజుల్లో కింద స్తంభాల మధ్య సిమెంటు నేల ఖాళీ అని ప్రభుత్వం లెక్క. మా పిల్లలకు మాత్రం అసలు బడి అక్కడే ఉండేది.

భోజనం గంట కొడితే చాలు, పళ్లాలు పట్టుకుని అక్కడికే పరుగు. ఎవరి పడవకు ఏం చేప పడింది, ఎవరు ఎవరితో పలకడం లేదు, అన్నీ అక్కడే తేలాలి. ఆడపిల్లలు ఒకరి జడ ఒకరు విప్పి మళ్లీ అల్లుకునేవాళ్లు. పళ్లాలు కడిగాక చదువు. పదో తరగతివాళ్లు స్తంభాలను పంచుకున్నారు, స్తంభానికొక సబ్జెక్టు. లెక్కల స్తంభం కావేరిది. జీవశాస్త్రం రూపవతిది. ఆ పిల్ల సుద్దముక్కతో గుండె బొమ్మ వేస్తే మా సైన్సు మాస్టరు సెవెన్త్ క్లాసును తీసుకొచ్చి చూపించేవాడు. అక్కడ ఎప్పుడూ ఒక డ్యూటీ టీచరు ఉండేలా నేను టైంటేబుల్ వేశాను. ఇళ్లలో చదువుకోనివ్వరని కాదు. ఉన్నది ఒక్క గది, అందులోనే టీవీ, తాత దగ్గు, తడి వలలు. పుస్తకం తెరిచే జాగా ఏది?

ఆ ఏడు దసరా సెలవుల తర్వాత ఒక అధికారి తనిఖీకి వచ్చాడు. ముందుగా కబురు పెట్టి రావచ్చు, పెట్టకుండానూ రావచ్చు, రెండూ నిబంధనే. ఆయన పెట్టకుండా వచ్చాడు, అదీ సరిగ్గా భోజనాల వేళ. షెల్టరు కింద రూపవతి, ఒక మగపిల్లాడు గొంతులు చించుకుంటున్నారు. మంచి రక్తం గుండెకు కుడివైపు వస్తుందా ఎడమవైపు వస్తుందా అని తగువు. చుట్టూ ఉన్నవాళ్లు పగలబడి నవ్వుతున్నారు. ఆయనకు రక్తమూ వినపడలేదు, గుండే కనపడలేదు. ఆడా మగా కలిసి నవ్వడం ఒక్కటే కనపడింది.

పిల్లలందరి ముందూ, "ఇది బడా, బస్టాండా?" అని అరిచాడు. డ్యూటీ టీచరు ఏదో చెప్పబోతే నోరు మూయించాడు. షెల్టరు వైపు గేటుకు తాళం వేయాలని, తిన్నవాళ్లు తిన్నట్టు వచ్చి ఎవరి బెంచీ మీద వాళ్లు నోరెత్తకుండా కూర్చోవాలని ఉత్తర్వు. నాకు మెమో. మెమో అంటే, తప్పు చేశావని ముందే తేల్చేసుకుని, ఎందుకు చేశావో రాసిమ్మని అడిగే కాగితం. అంతటితో పోలేదు. కారెక్కబోతూ, పలకరించడానికి వచ్చిన పెదకాపుతో, మీ ఆడపిల్లల్ని కాస్త కనిపెట్టుకోండి అని ఒక మాట వదిలాడు. కోడిగుడ్డు కూర బాగుందని వంటామెను మెచ్చుకుని మరీ వెళ్లాడు మహానుభావుడు!

ఆ పాళేల్లో కాపులంటే ఊరి పెద్దలు. వాళ్లలో మొదటివాడు పెదకాపు. వాళ్లు కూర్చుని వేసే కట్టుబాటును దురాయి అంటారు. ఫలానా రోజు వేటకు పోరాదని దురాయి పడితే ఒక్క పడవా కదలదు. పోలీసుల మాట దాటేవాడైనా దురాయి దాటడు. అధికారి వదిలిన మాట ఊళ్లో తిరిగి తిరిగి దురాయి అయి కూర్చుంది. భోజనం గంటకు ఆడపిల్లలు ఇళ్లకు వచ్చేయాలి, మళ్లీ గంట కొట్టాకే బడికి పోవాలి.

ఇంటికి పోయిన పిల్లకు పని ఎదురుగా ఉంటుంది. మధ్యాహ్నం బెంచీలు పలచబడ్డాయి. మిట్టమధ్యాహ్నమే రొయ్యల షెడ్డు వ్యాను ఊళ్లోకి వస్తుంది. రొయ్యల తలలు తీయడానికి చురుకైన వేళ్లు కావాలి వాళ్లకు. రూపవతి మొదట మధ్యాహ్నాలు మానింది, తర్వాత పొద్దున కూడా రాలేదు. నేను ఇంటికి పోయి అడిగితే వాళ్లమ్మ, "ఇంట్లో ఊరికే కూసోనుంటే ఏం జేసేది మేడమ్, పనన్నా నేర్చుకుంటాది" అంది. కోపం నషాళానికి అంటింది నాకు. ఆమె మీద కాదు.

నేరుగా పెదకాపు ఇంటికి పోయాను. "ఆపీసరే చెప్పినాడు గదమ్మా, మేం సొంతంగా జేసిందేముండాది?" అన్నాడాయన.

"దొంగతనంగా వల వేసినోడిని కూడా పిలిచి, నువ్వేమంటావురా అని అడిగినాకే గదా మీరు దురాయి వేసేది. అది మీ ఆచారమే. నా బిడ్డల్ని ఎవరన్నా అడిగినారా?" అన్నాను. గొంతు లేచింది, తగ్గించుకోలేదు. "అడగలా. తప్పే" అన్నాడాయన.

ఆ ఆదివారం కాపులు షెల్టరు కిందే కూర్చున్నారు. ఆడపిల్లలను పిలిచి అడిగారు, మగపిల్లలతో మీకేం మాటలని. అందరూ తలలు దించుకుంటే కావేరి లేచింది.

"మాట్లాడకుండా లెక్క యెట్టా చెప్పేది తాతా? ఆళ్లకి లెక్కలు రావు, మాకు ఇంగిలీసు రాదు. సాయంత్రమైతే ఈడ పేకాడే మగోళ్లకి లేని దురాయి మాకేంది?"

పేకాడేవాళ్లు అక్కడే ఉన్నారు. పెదకాపు నవ్వు ఆపుకోలేకపోయాడు. పాత దురాయి తీసేసి కొత్తది వేశారు. పొద్దుటి బడి గంట నుంచి సాయంత్రం బడి గంట దాకా షెల్టరు కింద టీచర్లు తప్ప పెద్దవాళ్లెవరూ అడుగుపెట్టరాదు. మరునాడు గేటు తాళం నేనే తీసి, తీశానని మెమోకు జవాబు రాశాను. ఉత్తర్వు ధిక్కరించినందుకు నా సర్వీసు రిజిస్టరులో అభిశంసన ఎక్కింది. ఎక్కనీ.

ఆడపిల్లలందరూ తిరిగొచ్చారు, రూపవతి తప్ప. కాపులు కూర్చునే లోపే ఆ పిల్లను సూళ్లూరుపేట అవతల మేనత్త దగ్గరకు, అక్కడి షెడ్డు పనికి పంపేశారు. నేను అక్కడికీ పోయాను. వేళ్లు నీళ్లలో నాని తెల్లగా ఉన్నాయి. "వచ్చే ఏడు వస్తా మేడమ్" అంది. రాలేదు.

ఈ కొలువులో నాకు తెలిసింది ఒకటే. బడిలో పిల్లలు నవ్వుతున్న చోటుకు తాళం వేసే ముందు ఒక మధ్యాహ్నం అక్కడ కూర్చుని వినాలి. వినే తీరిక లేనివాడు తనిఖీకి రాకూడదు.

బడి మానిన పిల్ల పేరు కొట్టేసేటప్పుడు ఎదురుగా కారణం రాయాలి. కుటుంబ అవసరాలు అని రాయడం వాడుక. రూపవతి పేరుకు ఎదురుగా నేను 'తనిఖీ' అని రాసి సంతకం పెట్టాను. దిద్దమని ఇంకో మెమో వచ్చింది. రిటైరయ్యే దాకా దిద్దలేదు.