భుజం మీద చెయ్యి

కరోనా సద్దుమణిగిన తరువాతి చలికాలం. నయాపూల్ దగ్గర ఒక చిన్న ఆసుపత్రిలో, నరాల నొప్పులకు వెన్నులో ఎపిడ్యూరల్ ఇంజెక్షన్లు ఇచ్చే గదిలో నర్సుని. ఏసీ చలి, మసక వెలుతురు. ఎముకల్ని తెర మీద చూపించే సీ-ఆర్మ్ యంత్రం సన్నగా గుయ్యిమంటుంటే, వెన్నుపూసలు పొగమంచులో తేలుతున్నట్టుండేవి. అక్కడ నాకు పగలో రాత్రో తెలిసేది కాదు.

ఆ రోజు మాదన్నపేట నుంచి పాలు అమ్ముకునే మల్లేశ్ బాపు వచ్చాడు. నడుము నుంచి మడమ దాకా నరం గుంజి, నెలలుగా బర్రె కింద కూర్చోలేకపోతున్నాడు. ఆ బర్రె వేరే వాళ్లు ముట్టుకుంటే పాలు చేపదు. దాన్ని అమ్మడానికి అల్లుడు బేరం కూడా మాట్లాడేశాడు.

"ఈ సూదితోని గాకపోతే లచ్చిమిని అమ్ముడే బిడ్డా," అన్నాడు.

బోర్లా పడుకోబెట్టి నడుముకు మందు పూయగానే ఉలిక్కిపడి సగం లేచాడు. రెండోసారీ అంతే. సూది నరం పక్క సందులోకి వెళ్లాలి, కదిలితే కుదరదు. నిద్రపుచ్చుదామంటే, కాల్లోకి నొప్పి పాకితే చెప్పాల్సింది ఆయనే. "మళ్లీ కదిలితే ఈరోజుకు వద్దు," అన్నారు డాక్టరమ్మ.

"కొమ్ములకు బయపడవు, సూదికి గింత బయమేంది బాపూ?" అన్నాను.

"కొమ్ములు ముంగట కనవడ్తయి బిడ్డా. ఇది ఎన్కకెల్లి వస్తది."

మాదీ పాడి ఇల్లే. బర్రె వెనక నుంచి వెళ్తే అమ్మ ముందు దాని వీపు మీద చెయ్యి వేసేది. పితకడానికి కూర్చునేదాకా తీసేది కాదు, ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉండేది. నేను ఆయన భుజం మీద చెయ్యి వేశాను.

"ఇప్పుడు సల్లగ తాకుతది. ఇగ చురుక్కుమంటది, గది మొద్దుబారే మందు. పొద్దుగాల లచ్చిమి దగ్గరికి పోయి ముందు ఏం జేస్తవు బాపూ?"

చెప్పసాగాడు. కొట్టంలో పొగ, దూడను విడవడం, బకెట్లో మొదటి ధార చప్పుడు. బల్ల అంచున ఆయన వేళ్లు మెల్లగా పితుకుతున్నాయి. మాటతో పాటు ఊపిరీ సాగింది. తెర మీద సూది పొగమంచులోకి జారింది. "కాల్ల జరంత గుంజుతుంది," అన్నాడు కదలకుండానే. డాక్టరమ్మ సూదిని సర్దారు. నాకు పచ్చిపాల వాసన వచ్చినట్టే అనిపించింది.

"అయిపోయింది బాపూ."

"అయ్యిందా? నన్ను బర్రెను జేసినవు గదనే."

డాక్టరమ్మ మాస్కులోనే నవ్వారు.

కొన్నాళ్లకు చూపించుకోవడానికి వచ్చాడు. పాలు తనే పితుకుతున్నాడట, బేరం ఆగిపోయిందట. నా కడుపు నిండిపోయింది. వెళ్తూ గుమ్మం దగ్గర ఆగాడు.

"గా దినం నీ చెయ్యి మంచులెక్క ఉండె బిడ్డా. చెప్తె తీసేస్తవని చెప్పలే."

ఇప్పుడు ఎవరి భుజం మీదైనా చెయ్యి వేసేముందు అరచేతులు రుద్దుకుని వెచ్చబెట్టుకుంటాను. వేశాక, సూది బయటికి వచ్చేదాకా తీయను.