లారీ చాటు దాటాక

పోయిన గురువారం తెల్లవారుజామున మా అత్తయ్య నిద్రలోనే కన్నుమూశారు. ఏడాదిగా ఆయాసంతో అల్లాడిన మనిషి. సంగతి తెలియగానే ఏడుపు కంటే ముందు నాకు ఊరట కలిగింది.

గురజాలలో మాకు బట్టల కొట్టుంది. మామయ్యగారి చూపు మందగించాక, సరుకు కోసం నరసరావుపేట వెళ్లి రావడానికి అత్తయ్యే కారు నేర్చుకున్నారు. కొంగు నడుముకు దోపి, చెప్పులు విడిచి, వట్టి కాళ్లతో తోలేవారు. హారన్ కొట్టడం ఆవిడకు ఇష్టముండేది కాదు. ఎవరైనా అడ్డొస్తే అద్దం దించి, "ఏమయ్యా, ఇంటికాడ చెప్పొచ్చావా?" అనేవారు.

నాకూ ఆవిడే నేర్పారు. ఒక ఎండాకాలం సాయంత్రం పేట నుంచి తిరిగొస్తున్నాం. కారు నేను తోలుతున్నాను. వెనక సీట్లో అత్తయ్య ఒళ్లో మా రెండేళ్ల పాప. ఎడమవైపు పొలాల మీదుగా గాలి దుమ్ము లేపుతోంది. ముందు గడ్డి లారీ. ఈ రోడ్ల మీద తిరిగేవాళ్లయితే మీరూ ఎరుగుదురు, దాన్ని దాటుతున్నంతసేపూ కారు నిబ్బరంగానే పోతుంది. లారీని దాటి ముందుకు రాగానే, అంతవరకూ దాని చాటున తెలియని గాలి ఒక్కసారిగా పక్కనుంచి కొట్టింది. కారు కుడికి జరిగింది. ఎదురుగా బస్సు వస్తోంది. నా కాలు బ్రేకు మీదకు పోయింది.

"బ్రేకు తొక్కబాకే!" అన్నారు అత్తయ్య వెనకనుంచి. "కాలు తియ్యి. స్టీరింగు గొంతు పిసికితే గాలి ఆగుద్దా? చేతులు వదులు చేసి మెల్లగా ఎడమకి రా. ఇంకొంచెం... ఆఁ."

కారు తన దారిలోకి వచ్చింది. పక్కనుంచి పోయిన బస్సు విసురుకు ఓసారి ఊగి, కుదురుకుంది. కాస్త దూరం పోయి, పక్కకు ఆపి ఏడ్చేశాను. పాప నన్ను చూసి నవ్వింది.

"చాటున ఉన్నంతసేపూ ఏం తెలవదమ్మాయ్. చాటు అయిపోయిన కాడ గాలి కాసుకోని ఉంటది. అక్కడ ముందే నెమ్మదించాల," అన్నారు.

"ఇంక నేను తోలను అత్తయ్యా."

"మరి రేపు క్రోసూరు పెళ్లికి ఎవరు తోలతారు? మీ మామయ్యా?"

మర్నాడు నేనే తోలాను. లారీ కనిపించినప్పుడల్లా ఆవిడ నావైపు చూస్తారేమో అనుకున్నాను. చూడలేదు. కళ్లాల్లో మిరపకాయ ఎవరిది బాగుందో, ఎవరిది బాగాలేదో చెబుతూ కూర్చున్నారు. అంతకంటే ధైర్యం నాకు ఇంకెవరూ ఇవ్వలేదు.

నెల కిందట ఆస్పత్రిలో, "ఇంక చాలమ్మాయ్, ఇంటికి తోలు," అన్నారు. పక్క సీట్లో కూర్చుని కిటికీ దించమన్నారు. దారి పొడవునా మిరప కళ్లాల మీద కప్పిన పట్టాలు ఎగిరెగిరి పడుతున్నాయి. ఊరొచ్చేసరికి నిద్రపోయారు. చాలా రోజుల తర్వాత ఊపిరి తేలిగ్గా ఆడుతోంది. ఇంటి ముందు ఇంజను ఆపేసి, లేపకుండా పక్కనే కూర్చున్నాను. నెరిసిన ముంగురులు గాలికి ఆవిడ నుదుటి మీద మెల్లగా కదులుతున్నాయి.