ముఖాలు గీయని తెడ్డువాళ్ళు

కార్తీక అమావాస్య, గురువారం, పొద్దున్న తొమ్మిది దాటి పది నిమిషాలు. మొగ దగ్గర ఇసుకలో, దర్భలతో కట్టిన బొమ్మకి నా మనవరాలు నిప్పు పెట్టింది. ఆ బొమ్మ నా కొడుకు.

అక్కడిదాకా ఎలా వచ్చామో చెప్పాలంటే ముందు ఒక జపాన్ బొమ్మల కథ గురించి చెప్పాలి. నవ్వేవాళ్ళు నవ్వండి. ఎండుచేపల గంప మోసిన ముసలిదానికి బొమ్మల కథ మీద అభిప్రాయమేమిటి అనుకోవచ్చు. నేను దాన్ని మొదటి నుంచీ చూశాను, కింద పడే అక్షరాలు చదువుకుంటూ చూశాను. కాబట్టి మాట్లాడతాను.

అక్షరాలు నాకు యాభై దాటాక వచ్చాయి. పొదుపు సంఘంలో అందరూ సంతకాలు చేస్తుంటే నేనొక్కదాన్నే బొటనవేలు చాపడం చిరాకనిపించి నేర్చుకున్నాను. సంతకం వచ్చాక అక్కడే ఆగిపోయేదాన్ని. ఆగనివ్వకుండా చదివించింది ఆ జపాన్ కథే. అందులో మనుషులు వాళ్ళ భాషే మాట్లాడతారు. ఎవరో మన కుర్రాళ్ళు కింద తెలుగులో రాసిపెడతారట. తప్పులుంటాయి, అయినా అర్థమవుతుంది. మొదట్లో నేను ఒక మాట కూడబలుక్కునే లోపు రెండో మాట వచ్చి మీద పడేది. మనవరాలు ఫోను మీద వేలు పెట్టి ఆపేది.

"చదివేవా మామ్మా? వదిలెయ్యనా?"

"ఉండవే, ఇంకా 'పొగమంచు' కాడే ఉన్నాను."

మనవరాలు అమలాపురంలో ఇంటర్ చదువుతోంది. చేతిలో పెన్నుంటే చాలు, ఆ కథలోని వాళ్ళని గీస్తూ ఉంటుంది. బస్సు టిక్కెట్టు వెనకాల కూడా కళ్ళూ ముక్కులూ ఉంటాయి. వేట నిషేధం రోజుల్లో నా కొడుకు కూడా మధ్యాహ్నం మా పక్కన వచ్చి కూర్చునేవాడు. వాడు కథ చూడడు, తాళ్ళు చూస్తాడు.

"ఆ ముడి చూడమ్మా, గాలేస్తే ఊడిపోద్ది. కూలి ఎక్కువిస్తానన్నా ఆ ఓడ నేనెక్కను."

"నాన్నా, అది నీళ్ళ మీద పోయే ఓడ కాదు, మంచు మీద పోద్ది!"

"మంచు మీదైతే ఇంకా గట్టిగా కట్టాలి కదే."

ఆ కథ ఇది. లోకం చుట్టూ నీళ్ళుండవు, పొగమంచే సముద్రం. దాని మీద తెడ్లు వేసుకుంటూ ఒక పెద్ద ఓడ తిరుగుతుంది. ఓడ నాయకుడు ఒకరోజు మంచులో పడిపోతాడు. చచ్చిపోయాడని అందరూ అంటారు. అతని కూతురు ఒప్పుకోదు. దీపం పట్టుకుని ఓడ ముందు నిలబడి, నాన్న కుర్చీలో ఎవరినీ కూర్చోనివ్వక, చివరికి ఓడనే వెనక్కి తిప్పిస్తుంది. చాలా భాగాలయ్యాక ఆయన తెల్లజుట్టుతో మంచులోంచి నడిచొస్తాడు. ఆ భాగం చూసి మనవరాలు ఏడ్చింది. నేనూ ఏడ్చాను, అబద్ధమెందుకు.

బాగున్నవి బాగున్నాయనే చెబుతాను. వాళ్ళకి గాలి తెలుసు. వాన రాబోయే ముందు ఆకాశం ఏ రంగుకి తిరుగుతుందో, తడిసిన తాడు అరచేతిని ఎలా కోస్తుందో ఎవరో దగ్గర కూర్చుని చూసి గీశారు. చేపని నిప్పుల మీద తిరగేసినప్పుడు తోలు చిట్లడం చూస్తే నాకు నోరూరింది. బాగాలేనిది ఏమిటంటే, అన్నేళ్ళు ఓడలో ఉన్నవాళ్ళలో ఒక్కడి చేతులూ కాయలు కాయవు. ఒక్కడూ వల బాగుచెయ్యడు. ఇంకోటి ఉంది, అది తర్వాత చెబుతాను. దాన్ని నేనూ మొదట చూడలేదు.

వినాయక చవితి వెళ్ళిన వారం నా కొడుకు పోయాడు. బోటు వేట ముగించుకుని లోపలికి వస్తోంది. ఏరు సముద్రంలో కలిసే చోటుని మేం మొగ అంటాం. అక్కడ ఇసుక మేటలు ఒక రోజున్న చోట మర్నాడు ఉండవు. కెరటం లేచి బోటుని పక్కకి కొట్టింది. వల అంచు పట్టుకున్న నా కొడుకు వలతో పాటు వెళ్ళాడు. వల దొరికింది. మనిషి దొరకలేదు. రెండు పక్కలా ఊళ్ళవాళ్ళు ఒడ్డంతా వెతికారు. పోలీసులు వచ్చారు, వెళ్ళారు.

మావాళ్ళలో ఒక పద్ధతుంది. బోటు ఒడ్డుకి రాగానే ఎక్కినవాళ్ళందరికీ ఇంటికి కూర చేప పంచుతారు. శవం దొరకని మనిషి వంతు కూడా పంచుతారు, దినం అయ్యేదాకా. ఆ వంతు చేప తెచ్చి గుమ్మంలో అరిటాకు మీద పెట్టి, మాట్లాడకుండా వెళ్ళిపోతారు. వల దగ్గర అతని చోటులో కూడా అప్పటిదాకా ఎవరూ నిలబడరు. శవం లేకపోతే దర్భలతో మనిషి బొమ్మ కట్టి, దానికి నిప్పు పెట్టి దినం చేస్తారు. అది మూడో అమావాస్య దాటనివ్వరు.

ఆ చేపని మనవరాలు ఎవరినీ ముట్టుకోనిచ్చేది కాదు. తనే తోమి, తనే పులుసు పెట్టి, తండ్రి కంచంలో వడ్డించి, గోడ వైపు పెట్టేది. రాత్రి భోజనాలయ్యాక ఆ కంచం తీసుకెళ్ళి పిల్లులకి పెట్టేది. కాలేజీ మానేసింది. సాయంత్రమైతే బోట్లు ఆగే చోటికి వెళ్ళి నిలబడేది. ఎవరైనా "ఇంటికెళ్ళమ్మా" అంటే, "వస్తారండీ, మీకు తెలీదు" అనేది. ఆ కథలో దీపం పట్టుకున్న పిల్ల అనే మాట అదే. అక్షరం పొల్లుపోకుండా అదే.

నా కోడలి సంగతి ఇంకోలా ఉంది. పక్కింటావిడ నోము చేసుకుని, కుంకుమ భరిణె పట్టుకుని మా గుమ్మం దాకా వచ్చింది. బొట్టు పెట్టొచ్చో లేదో తెలియక అలాగే నిలబడింది. కోడలు లోపలి నుంచి చూసింది. ఆవిడ, "మళ్ళీ వస్తానండీ" అని వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం కోడలు నా దగ్గర కూర్చుంది.

"నేనెవరినో మీరైనా తేల్చండి అత్తయ్యగారూ. నాకీ నడిమధ్యన ఉండటం చేతకావట్లేదు."

మూడో అమావాస్య వారంలోకి వచ్చేసరికి సరంగు వచ్చాడు. బోటు నడిపేది అతనే, నా కొడుకుతో చిన్నప్పటి నుంచీ కలిసి తిరిగినవాడు. అరుగు అంచున తువ్వాలు మెలేస్తూ కూర్చున్నాడు.

"చెప్పరా అబ్బాయ్. చేప తెచ్చిన మొహంలా లేదు నీది."

"ఆయ్. పిన్నిగారండీ... నిన్న మొగలో బోటు మళ్ళీ ఒరిగిందండీ. వల లాగడానికి ఓ మనిషి తక్కువ. మావోడొకడి చెయ్యి తాడుకీ చెక్కకీ మధ్యన పడి నలిగిపోయింది. వేళ్ళు రెండు పనికిరావంటున్నారు డాక్టరుగారు."

"మనిషిని పెట్టుకోకపోయేవా?"

"పెట్టుకుందావనే ఉందండీ. ఓడలరేవు ఊరి నుంచి ఓ మనిషి వస్తానన్నాడు. కానీ ఆ చోటులో నిలబడనంటున్నాడండీ. నిలబడడు కదండీ మరి. అమ్మాయిగారు దినం చెయ్యనివ్వనంటున్నారంట. మీకు నేనేం చెప్తాను."

చెప్పక్కర్లేదు, అర్థమైంది. నా కొడుకు చోటు ఖాళీగా ఉంచి ఇంకో ఇంటి మగాణ్ణి ముంచేలా ఉన్నాం.

నా కొడుక్కి కొడుకుల్లేరు. మా బావగారు తన మనవడి చేత నిప్పు పెట్టిస్తానన్నారు. నేను వద్దన్నాను. ఇంకెవరో పెడితే పిల్ల నమ్మదు. వీళ్ళెవరో గడ్డి తగలబెట్టారు అనుకుని సాయంత్రానికి మళ్ళీ రేవులో నిలబడుతుంది. పెడితే అదే పెట్టాలి.

మర్నాడు మధ్యాహ్నం దాన్ని కూర్చోబెట్టి, ఆ భాగం పెట్టమన్నాను. ఓడని వెనక్కి తిప్పే భాగం. పిల్ల మొహం వెలిగింది, ముసలిది దారికొచ్చిందనుకుంది. ఓడ తిరిగింది. మంచులో గాలివాన లేచింది. తెడ్లు వేసేవాళ్ళ బల్లలు వరసగా ఊడి కొట్టుకుపోతున్నాయి.

"ఆపు," అన్నాను.

ఆపింది.

"ఇతని ముక్కేదే?"

"ఎవరిది మామ్మా?"

"ఈ తెడ్డువాడిది. ఇతని పక్కనోడిది. వెనకున్నోళ్ళది. కళ్ళూ లేవు, ముక్కూ లేదు, చిక్కుడుగింజల్లా పెట్టేరు."

"వాళ్ళు చిన్న పాత్రలు మామ్మా. అంత వివరంగా గీయరు. జనంలో ఉండేవాళ్ళంతే."

"ఎంతమంది పోయేరు ఇక్కడ?"

"ఏమో. చెప్పలేదు."

"వీళ్ళ కూతుళ్ళు దీపాలు పట్టుకోలేదా?"

అప్పుడర్థమైంది దానికి నేనెటు లాగుతున్నానో. ఫోను బోర్లించింది.

"మా నాన్న తెడ్డువాడు కాదు!"

"తెడ్డువాడే. నాయకుడూ కాదు, సరంగూ కాదు. వల లాగే మనిషి. ఆ కథలో ఉంటే వాడికి ముక్కు గీసేవాళ్ళు కాదు. మన బోటులో మిగిలినవాళ్ళు కూడా అంతే. ఒకడి వేళ్ళు నలిగిపోయేయి. మీ నాన్న చోటు ఖాళీగా ఉందని నలిగిపోయేయి. నువ్వు ఓడని వెనక్కి తిప్పుతున్నావు. ఇంకొకడు పోతే వాడి కూతురికి ఏం చెప్తావు, తర్వాతి భాగంలో వస్తాడనా?"

"నువ్వు కన్నతల్లివేనా? రాక్షసివి!"

"రాక్షసినే. ముద్ద తిను."

తినలేదు. అరుగు దిగి వెళ్ళిపోయింది. నాతో మాట మానేసింది. ఆ రోజు గుమ్మంలో పెట్టిన చేప మాత్రం వండింది, వడ్డించింది. కానీ పిల్లులకి పెట్టడానికి తను వెళ్ళలేదు. కంచం అలాగే ఉండి పొద్దుటికి చీమలు పట్టింది. మర్నాడు కూడా అంతే. మూడో రోజు నేను ఎండు సావిడాయి చేపలు ఏరుతుంటే వచ్చి ఎదురుగా నిలబడింది.

"బొమ్మకి తల ఏం పెడతారు?"

"కొబ్బరికాయ."

"ముఖం?"

"ఉండదు. కాయే తల."

"నేను గీస్తాను. గీయనిస్తేనే నిప్పు పెడతాను. లేకపోతే మీరెవరు చెప్పినా పెట్టను."

పంతులుగారు మొదట ఒప్పుకోలేదు. "అలా శాస్త్రంలో లేదమ్మా" అన్నారు. "చెయ్యకూడదని ఉందాండీ?" అని అడిగాను. ఆయన నసిగి, "కూడదనీ లేదు" అన్నారు. సరిపోయింది.

ఆ పొద్దున్న ఒలిచి పిలక ఉంచిన కాయని ఒళ్ళో పెట్టుకుని, బొగ్గుతో ఒకసారి, పెన్నుతో ఒకసారి గీసింది. ఇసుకలో అందరం చుట్టూ కూర్చున్నాం. గాలం తగిలి తెగిన ఎడమ కనుబొమ దగ్గర ఖాళీ వదిలింది. మీసం కుడివైపు మాత్రమే నెరిసేది వాడికి, అటు గీతలు పల్చగా గీసింది. నైలాన్ దారం పళ్ళతో కొరికి కొరికి ముందు పన్ను అరిగిపోయింది, ఆ అరుగుదల కూడా పెట్టింది. నోరు మూసి గీయొచ్చు కదా అనుకున్నాను. కానీ వాడు నోరు మూసుకుని ఉండేవాడు కాదు, అదీ నిజమే. ముక్కు ఆఖరున గీసింది. చాలాసేపు గీసింది. సరంగు చూడలేక లేచి నీళ్ళ వైపు తిరిగి నిలబడ్డాడు.

కాయని దర్భల మీద పెట్టారు. నిప్పు పట్టుకుని పిల్ల నిలబడింది. దాని చెయ్యి నేను పట్టుకోలేదు. పట్టుకుంటే నేను పెట్టినట్టవుతుంది. పాదాల దగ్గర అంటించింది. దర్భ తొందరగా అంటుకుంది. పెన్ను గీతలు ముందు పోయాయి, బొగ్గు గీతలు కాస్త ఆగాయి. తర్వాత కాయ పెళ్ళున పగిలింది. పిల్ల కళ్ళు మూసుకోలేదు.

ఆ సాయంత్రం గుమ్మంలో చేప లేదు. పిల్ల రెండుసార్లు వెళ్ళి చూసింది. తండ్రి కంచం కడిగి అటక మీద పెట్టింది. "రాక్షసివి" అన్న మాట వెనక్కి తీసుకోలేదు, నేనూ అడగలేదు. ఆ కథలో ఇంకా కొత్త భాగాలు వస్తున్నాయట. పెట్టమని నేను అడిగితే పెట్టి, తను లేచి వెళ్ళిపోతుంది. ఆపేవాళ్ళు లేక సగం అక్షరాలు పోతున్నాయి నాకు. నా అభిప్రాయం అడిగితే, గీసే చెయ్యి గొప్పది, చెప్పే నోరు పిరికిది. చచ్చినవాణ్ణి నడిపించుకురాగలిగిన వాళ్ళు తెడ్డు వేసేవాడికి ఒక ముక్కు గీయలేకపోయారు.

ఆ రోజు మొగ దగ్గర ఉన్నవాళ్ళం వీళ్ళం. నేను. మట్టిగాజులు తీసి కొంగులో మూట కట్టుకున్న నా కోడలు. వేళ్ళకి బొగ్గంటిన నా మనవరాలు. కర్ర ఆనుకుని వంగిన మా బావగారు, గడ్డం కింద పులిపిరి ఉంటుంది ఆయనకి. పొగకి దగ్గుతూనే మంత్రం ఆపని పంతులుగారు. మెల్లకన్ను సరంగు. కుడిచేతికి తెల్లగుడ్డ చుట్టుకుని వచ్చినవాడు. బోటులో మిగిలిన ఇద్దరు, ఒకరికి బట్టతల, ఒకరికి బుగ్గ మీద చొట్ట. అందరికీ దూరంగా, చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడ్డ ఓడలరేవు మనిషి. అతని ఎడమ చెవి తమ్మె తెగి ఉంది, ముక్కు కొంచెం వంకర. మర్నాడు నా కొడుకు చోటులో నిలబడి వల పట్టింది అతనే.