రిజిస్టరుకెక్కని నాలుగు రాకలు

ఆయనకు తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటి ఉంది. నెలకోసారి జీతం కాగితం మీద అది దర్శనమిచ్చేది. మిగతా రోజుల్లో అందరూ ఆయన్ను ‘ఇంకాయిదు’ అనే పిలిచేవారు. ఇందులో పెద్ద రహస్యమేమీ లేదు. తప్పు చేసి పట్టుబడిన మగపిల్లల్ని ఉంచే ప్రభుత్వ గృహంలో, తల్లులూ తండ్రులూ వచ్చి పిల్లల్ని చూసిపోయే ములాఖత్ గదికి ఆయన గుమస్తా. ములాఖత్‌కు ఇరవై నిమిషాలు. పదిహేను నిమిషాలు కాగానే బల్ల చివరి కుర్చీలోంచి “ఇంకా అయిదు” అనేవాడు. ఇరవైనాలుగేళ్ల సర్వీసులో ఆ గదిలో ఆయన వెలువరించిన వాఙ్మయం యావత్తూ ఆ రెండు మాటలే.

గుమస్తా బల్ల చివర కూర్చోవాలి, వినాలి, మాట్లాడకూడదు, విన్నది ఎక్కడా చెప్పకూడదు. ఇదీ నిబంధన. ఇంత తేలిక ఉద్యోగం భూప్రపంచంలో ఉండదని చూసినవాళ్లు కుళ్లుకునేవారు. ఎవరింట్లో పైకప్పు కారుతోందో, ఎవరి చెల్లెలు తొమ్మిదో తరగతి తప్పిందో, ఎవరి తాత ఆస్పత్రికి వెళ్లి తిరిగి రాలేదో ఆయనకు తెలుసు. ఒక్క తన ఇంటి సంగతే ఆయనకు కొత్తగా తెలిసేది కాదు. అందులో తనొక్కడే ఉండేవాడు మరి.

ఆదివారాలు అక్కగారింటికి వెళ్లేవాడు. భోజనాల బల్లకు నాలుగు వైపులా కుర్చీలుంటే ఆ చివరిదాంట్లో కూర్చుని, చేతులు ఒళ్లో పెట్టుకుని వినేవాడు.

“ఏమోయ్ బావమరిదీ, మమ్మల్ని చూడ్డానికొచ్చావా, కాపలా కాయడానికొచ్చావా?” అనేవాడు బావ.

ఆయన నవ్వేవాడు. కాసేపటికి లేచేవాడు.

“కూర్చోరా! ఇప్పుడే కదా వచ్చావు. నిన్నెవరు తరుముతున్నారు?” అని అక్క కసిరేది.

ఎవరూ తరమడం లేదు. ఇరవై నిమిషాలు దాటితే ఇంకెవరి వంతో తను వాడుకుంటున్నట్టు ఆయనకు కాళ్లు నిలిచేవి కావు. అక్కకు ఈ ముక్క చెబితే వైద్యుడి దగ్గరికి తీసుకుపోతుందని చెప్పలేదు.

ఆయన కొలువులో చేరినప్పుడు ప్రభుత్వాల్లో కాఠిన్యం ఫ్యాషనుగా నడిచేది. పిల్లలు చెడిపోతున్నారని పత్రికలు రాసేవి. పత్రికలు రాశాయని మంత్రులు కోప్పడేవారు. మంత్రులు కోప్పడ్డారని పోలీసులు, సైకిలు ఎత్తుకుపోయినవాణ్నీ కిటికీ అద్దం పగలగొట్టినవాణ్నీ ఒకే వ్యానులో ఎక్కించి తెచ్చేవారు. అరవైమందికి కట్టిన గృహంలో నూటనలభైమంది. నిధులు తలల లెక్కన వచ్చేవి కనుక తలలు తగ్గడం ఎవరికీ ఇష్టం లేదు, ఆ తలలు మోస్తున్నవాళ్లకు తప్ప. ములాఖత్ గదిలో మాత్రం రెండే బల్లలు. ఒక తల్లి ఏడుపు పక్క తల్లి మాటల్లో కలిసిపోయేది. పన్నెండు బల్లల హాలు కావాలని అప్పటి సూపరింటెండెంటు పైకి రాశాడు. ఆయన రిటైరయ్యాక వచ్చినాయనా రాశాడు. ఆ తర్వాతాయన, ఫైల్లో ఉన్నదే మళ్లీ టైపు కొట్టించి పంపాడు.

ఈలోగా ఫ్యాషన్ మారింది. పిల్లల్ని నాలుగు గోడల మధ్య పెడితే బాగుపడరు, ఇంట్లోనే ఉంచి కనిపెట్టుకుని ఉండాలి అని చదువుకున్నవాళ్లు ఏళ్ల తరబడి చెబుతున్న మాట ఎందుకో ఒకరోజు పైవాళ్ల చెవిన పడింది. నూటనలభై కాస్తా తొంభై అయింది, తర్వాత నలభై, ఆపైన పదకొండు. సరిగ్గా ముగ్గురు పిల్లలు మిగిలిన నెలలో పన్నెండు బల్లల హాలు మంజూరైంది. వచ్చిన నిధుల్ని తిప్పి పంపడం ప్రభుత్వ మర్యాద కాదు కనుక కట్టారు. పన్నెండు బల్లలు, నలభై ఎనిమిది కుర్చీలు, ఎనిమిది ఫ్యాన్లు. ఇంకాయిదు ఆ సామ్రాజ్యానికి ఏకచ్ఛత్రాధిపతి అయి, ఉదయం తొమ్మిదికి తాళం తీసి, నలభై ఎనిమిది కుర్చీలూ తుడిచి, సాయంత్రం అయిదుకు తాళం వేసేవాడు.

చివరికి ఒక్క కుర్రాడు మిగిలాడు. పదహారేళ్లవాడు. ఎవరిదో మోటారుసైకిలు తీసుకుపోయి, పెట్రోలు అయిపోయిన చోట గోడకు ఆనించి, బుద్ధిగా నడిచి ఇంటికొచ్చి పట్టుబడ్డాడు. అదీ మూడోసారి. ఆగిపోయిన యంత్రం కనిపిస్తే విప్పకుండా ఉండలేడు. అందరూ వాణ్ని మెకానిక్కు అనేవారు. ఎనిమిది నెలలుగా ప్రతి గురువారం, అంటే ములాఖత్ రోజున, హాలు గుమ్మం దాకా వచ్చేవాడు.

“సార్, మా అమ్మ వచ్చిందా?”

“రిజిస్టర్లో లేదు.”

ఆ జవాబులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. నిజం కూడా అంతే ఉంది.

ఎందుకంటే ఆమె వచ్చింది. మొదటి మూడు నెలల్లో నాలుగుసార్లు వచ్చింది.

“కార్డేదమ్మా?” అన్నాడు ఇంకాయిదు, మొదటిసారి. లోపలికి వెళ్లాలంటే గుర్తింపు కార్డు చూపించాలి.

“లేదయ్యా. కాగితాల పెట్టె మా ఆయన పట్టుకుపోయాడు. పోతే పోయాడు, పెట్టె వదిలేసి పోకూడదూ!”

“కార్డు లేకపోతే కుదరదు.”

“నా మొహం చూడండి, వాడి మొహం చూడండి. అచ్చు గుద్దినట్టుంటాం. ఇంకా కార్డెందుకు?”

“మొహాలు రూల్లో లేవమ్మా.”

నాలుగోసారి ఆమె గట్టిగానే అడిగింది. “ఆస్పత్రి దుప్పట్లు ఉతికే చోట పనిచేస్తున్నాను. సెలవు పెట్టుకుని వస్తున్నా. అక్కడికి ఫోన్ చేసి కనుక్కోండి, నేను నేనేనని చెబుతారు.” ఆయన ఫోన్ చెయ్యలేదు. ఆమె మళ్లీ రాలేదు. రిజిస్టర్లో వచ్చినవారి పేరుకు గడి ఉంది, బంధుత్వానికి గడి ఉంది, లోపలికి వెళ్లిన వేళకూ బయటికొచ్చిన వేళకూ గడులున్నాయి. గుమ్మంలోంచి వెనక్కి పోయినవారికి గడి లేదు. గడి లేని సంగతి ప్రభుత్వానికి జరగని సంగతి.

ఇలా ఉండగా పైనుంచి ఉత్తర్వు వచ్చింది. గృహం మూసేస్తున్నారు. మిగిలిన పిల్లల్లో ఎవరికైనా ఇంటినుంచి ఒక్క ములాఖత్ జరిగి ఉంటే ఇంటికి పంపి, వారానికోసారి అధికారి వెళ్లి చూసి రావాలి. ఒక్కటీ లేకపోతే అయినవాళ్లు లేనట్టు లెక్క. అలాంటివాణ్ని రైల్లో ఒక పగలూ ఒక రాత్రీ ప్రయాణం చేస్తే వచ్చే పెద్ద గృహానికి పంపి, పద్దెనిమిది నిండేదాకా ఉంచాలి. ఉత్తర్వు పిల్లల్ని ఇంటికి చేర్చాలన్న సదుద్దేశంతోనే రాశారు. రాసినవాళ్లకు ఇంకాయిదు సంగతి తెలియదు.

ఎవర్ని ఎక్కడికి పంపాలో తేల్చే కమిటీ బుధవారం నాడు కూర్చుంటుంది. సూపరింటెండెంటు కబురంపాడు: రిజిస్టర్లో మెకానిక్కు పేజీకి నకలు తీసి, సరిచూసి, సంతకం పెట్టి పంపమని.

ఇంకాయిదు నకలు తీశాడు. ఖాళీ పేజీకి నకలు ఖాళీగానే వచ్చింది. ‘అసలుతో సరిచూడడమైనది’ అని కింద రాశాడు. రెండు ఖాళీ పేజీల్ని పక్కపక్కన పెట్టుకుని, గడి గడికీ వేలు పెట్టి చాలాసేపు సరిచూశాడు. తేడా ఏమీ దొరకలేదు. సంతకం మాత్రం చేతికి రాలేదు.

సూపరింటెండెంటు గది మేడ మీద. పద్నాలుగు మెట్లు. ఆయన ఎక్కాడు.

“వాళ్లమ్మ వచ్చింది సార్.”

“ఎక్కడ? కింద ఉందా?”

“ఇప్పుడు కాదండీ. అప్పుడు. నాలుగుసార్లు.”

“రిజిస్టర్లో లేదుగా?”

“కార్డు లేదని నేనే పంపేశాను.”

“అదే కదా రూలు. నీ తప్పేముంది?”

“కార్డు లేకపోతే మీ అనుమతితో పంపొచ్చని ఆ రూలు కిందే ఇంకో రూలుంది సార్. నేను పైకొచ్చి అడగలేదు.”

“ఎందుకు అడగలేదయ్యా?”

‘మీకు పని ఒత్తిడి’ అనవచ్చు. ‘నాకు మోకాళ్ల నొప్పి’ అనవచ్చు. ఇంకాయిదు ఆలోచించి, “అలవాటు లేదు సార్” అన్నాడు.

సూపరింటెండెంటు చెడ్డవాడు కాదు. లేచి తలుపు దగ్గరికి వేశాడు. “నోటితో చెబితే కమిటీ వినదు. కాగితం మీద పెడితే అది నీ మెడకే చుట్టుకుంటుంది. ఏడాదిలో రిటైరవుతున్నావు. చక్కగా సంతకం పెట్టేసి ఇంటికి పోక, ఎందుకొచ్చిన గొడవ?”

“ఇంట్లో మాత్రం ఎవరున్నారు సార్” అన్నాడు ఇంకాయిదు. అది ఆ ప్రశ్నకు జవాబు కాదని ఆయనకూ తెలుసు.

మర్నాడు సెలవు పెట్టి ఆస్పత్రి వెనక దుప్పట్లు ఉతికే షెడ్డుకు వెళ్లాడు. గది నిండా ఆవిరి. తడి దుప్పట్ల గుట్టల మధ్య పదిమంది ఆడవాళ్లు. ఆమె ఆయన్ను గుమ్మంలోనే పోల్చుకుంది.

“ఆగు, ఆగు! కార్డేదీ? ఇక్కడ కార్డు లేకుండా లోపలికి రానివ్వం.”

ఆయన జేబులోంచి కార్డు తీసి చూపించాడు.

“ఒసే, ఈయన నిజంగానే చూపిస్తున్నాడే!” అని ఆమె అనేసరికి షెడ్డంతా ఘొల్లుమంది. నవ్వులు అయ్యేదాకా ఆయన కార్డు అలాగే పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత బుధవారం సంగతి, కమిటీ సంగతి, రైలు సంగతి చెప్పాడు. ఆమె మొహంలోంచి నవ్వు జారిపోయింది.

“నేనొచ్చానని వాడికి తెలుసా?”

ఆయన కార్డు జేబులో పెట్టుకున్నాడు.

“చెప్పలేదా?”

“చెప్పకూడదమ్మా మేము.”

“మరి ఈ ఎనిమిది నెలలూ వాడేమనుకుని ఉంటాడు?”

దీనికీ గడి లేదు. ఆమె ఒక దుప్పటి లాగి, రెండో కొస ఆయన మీదికి విసిరింది. “నిలబడి చూస్తావేం? పట్టుకో.” ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి, దగ్గరికొస్తూ దూరం పోతూ, ఏడు దుప్పట్లు మడతపెట్టారు. ఎనిమిదోదాన్ని ఆమె ఒక్కతే మడుచుకుంది. “వస్తాలే, పో” అంది.

బుధవారం పన్నెండు బల్లల హాల్లో ఒక బల్ల దగ్గర కమిటీ కూర్చుంది. అధ్యక్షురాలు జడ్జిగా చేసి రిటైరైన పెద్దావిడ. పక్కన ఒక డాక్టరు, ఇంకో పక్కన ఫోన్ చూసుకునే సభ్యుడు. ఎదురుగా కుర్రాడూ వాడి తల్లీ, మధ్యలో ఒక కుర్చీ ఖాళీ వదిలి. కుర్రాడు తల్లివైపు చూడటం లేదు. అధ్యక్షురాలు ఇంకాయిదు రాసిచ్చిన కాగితం చదివింది.

“నాలుగుసార్లు వచ్చిందన్నారు. తారీఖులు చెప్పగలరా?”

ఆయన చెప్పాడు. తారీఖులే కాదు, గంటలతో సహా. రెండోసారి వాన పడుతోందని, మూడోసారి ఆమె బయట అరుగు మీద గంటన్నర కూర్చుందని, నాలుగోసారి వెళ్లేటప్పుడు ఒక చెప్పు తెగితే రెండూ చేత్తో పట్టుకుని నడిచిందని చెప్పాడు. ఫోన్ చూసుకునే సభ్యుడు ఫోన్ బోర్లా పెట్టాడు.

“ఎక్కడా రాసుకోలేదన్నారు కదా. ఇవన్నీ ఎలా గుర్తున్నాయి?”

“మర్చిపోవడానికి ఇంట్లో వేరే పనేం ఉండదండీ.”

ఎవరూ నవ్వలేదు. అధ్యక్షురాలు డాక్టరుతో ఏదో గుసగుసలాడి, కుర్రాడు తల్లితో ఇంటికి వెళ్లవచ్చని రాసింది. దాని కిందే ఇంకో వాక్యం రాసింది. గుమస్తా మీద చర్య ఎందుకు తీసుకోకూడదో సంజాయిషీ కోరవలెను. రెండు వాక్యాలూ ఒకే సిరాతో, ఒకే శ్రద్ధతో రాసింది. ఇంకాయిదుకు దస్తూరి నచ్చింది.

కమిటీ లేచాక కుర్రాడు ఆయన దగ్గరికి వచ్చాడు.

“ప్రతి గురువారం అడిగాను సార్.”

“అడిగావు.”

వాడు ఇంకేమైనా అంటాడేమోనని ఆయన ఎదురుచూశాడు. తిట్టినా బాగుండేది. వాడు తల తిప్పుకుని సామాను సర్దుకోవడానికి పోయాడు.

సాయంత్రం గేటు దగ్గర తల్లి సంచిలోంచి నీలం చొక్కా తీసింది. “ఫస్టుసారి వచ్చినప్పుడు తెచ్చాన్రా ఇది. గృహం చొక్కా వాళ్ల మొహాన కొట్టి, ఇది వేసుకో.” వాడు వేసుకున్నాడు. ఎనిమిది నెలల్లో వాడి చేతులు చొక్కాను దాటిపోయాయి. చొక్కా చేతులు మణికట్టుకు నాలుగు వేళ్ల పైనే ఆగిపోయాయి, బొత్తాలు కలవలేదు. ఆమె ఒకటి రెండుసార్లు లాగి చూసి వదిలేసింది.

“అలాగే ఉంచుకుంటాలే” అన్నాడు వాడు. తల్లితో వాడు మాట్లాడిన మొదటి మాట అది.

ఆమె ఇంకాయిదు వైపు చూసింది. థాంక్సు చెబుతుందనీ ఆయన అనుకోలేదు, చెప్పదనీ అనుకోలేదు. ఆమె ఆయన్ను కాసేపు, లెక్క తేలని దుప్పట్ల మూటను చూసినట్టు చూసి, కొడుకు మోచెయ్యి పట్టుకుని రోడ్డు దాటింది. అవతలి పేవ్‌మెంటు మీద వాడు ఏదో అన్నాడు. ఆమె వాడి వీపు మీద ఒక్కటి చరిచింది. బస్సొకటి అడ్డం వచ్చింది. అది పోయాక అక్కడ ఎవరూ లేరు.

వాచ్‌మన్ తాళం చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. లోపల ఒక్క పిల్లవాడు కూడా లేడు. అయినా అయిదున్నరకు గేటు తాళం వెయ్యాలన్నది నిబంధన.

“సార్, మీరు లోపలా, బయటా? వేసేస్తాను.”

ఇంకాయిదు గేటు జరిగే పట్టాల మీద నిలబడి ఉన్నాడు. రోడ్డు వైపు చూశాడు. తనొక్కడే ఉండే గది ఎటుందో అటు చూశాడు. హాల్లో కమిటీ లేచిన కుర్చీలు ఇంకా బల్లకింద పెట్టలేదన్న సంగతి ఆయనకు గుర్తుంది. సంజాయిషీ కూడా రాయాలి. రాయడానికి గదిలో బల్ల లేదు, ఇక్కడైతే పన్నెండున్నాయి.

“వేసేయ్” అని లోపలికి నడిచాడు.