ఎర్రగీత జానెడు పైన

ఇన్నేళ్ళూ ఒక ఇనుప పలకను వీపున మోస్తూ తిరిగాను. పైకి కనిపించదు కాబట్టి అదేమిటని ఎవరూ అడగలేదు. బళ్ళారి సత్యనారాయణపేటలో మా వీధివాళ్ళకు నేను పెన్షన్ తీసుకుంటూ తన పని తాను చూసుకునే మర్యాదస్తుణ్ణి. మీకు నా పేరు చెప్పను. ఆ ధైర్యం ఇప్పటికీ లేదు. జరిగింది మాత్రం దాచుకోను. దాచి దాచి అలసిపోయాను, అంతే.

డెబ్బైల చివర్లో నాకు సిరుగుప్ప తాలూకాలో, తుంగభద్ర ఒడ్డున ఒక పల్లెలో ఉద్యోగం. ఏటి నీటిమట్టం చూసి, రాసి, ఆఫీసుకు పంపడం పని. ఒడ్డున రాతి కంబం, దానికి అంకెలున్న ఇనుప పలక. పలక మీద ఒక ఎర్రగీత. ఆ గీత మునిగితే ఏట్లో పుట్టి పడవ దింపకూడదని కట్టడి. పుట్టి నడిపే గంగప్పకు అంకెలు రావు. గీత చాలు. రోజూ మొదటిసారి పుట్టి దింపే ముందు కంబం మీద దోసెడు నీళ్ళు చల్లి, గీత చూసి, దండం పెట్టుకుని తెడ్డు పట్టేవాడు. "ఇది గవర్మెంటు దేవుడప్పా, నువ్వు జీతం తీసుకునే పూజారివి" అని నన్ను ఏడిపించేవాడు.

ఆ ఎండాకాలం ఎనుములు ఒళ్ళు రుద్దుకుని రుద్దుకుని పలకను ఊడగొట్టాయి. కంబం చుట్టూ ముళ్ళకంప నాటించమని ఆఫీసర్ అంతకు ముందే చెప్పి ఉన్నాడు. నేను నాటించలేదు. బద్ధకం. పలక ఊడిందని కబురు పెడితే వాళ్ళే వచ్చి కొలత చూసి బిగించేవారు, నాకు నాలుగు చీవాట్లు పడేవి. ఆ చీవాట్లకు జడిసి నేనే బిగించాను. రాతిలో పాత తూటు పగిలిపోయి ఉంటే, పై తూటులో బోల్టు వేశాను. పలక జానెడు పైకి పోయింది. దాంతోపాటు గీతా పైకి పోయింది. అంటే, మునగాల్సినంత నీళ్ళు వచ్చినా ఇక ఆ గీత మునగదు. ఇది నాకు తెలియదా? బాగా తెలుసు. ఏట్లో నీళ్ళే లేవు కదా, వానల్లోపల సరిచేద్దాం అనుకున్నాను. వానలు వచ్చాయి. నేను అనుకుంటూనే ఉన్నాను.

నాట్ల కాలంలో ఒక పొద్దున గంగప్ప, నేను కంబం దగ్గర నిలబడ్డాం. ఏరు ఎర్రగా పారుతోంది. గీత మాత్రం నీళ్ళపైన, బొటనవేలంత ఎత్తున కనిపిస్తోంది. పోనా అన్నట్టు నా వైపు చూశాడు. తలూపాను. అసలు మట్టం ఎంతో ఆ క్షణంలో నా మనసుకు తట్టిందా? తట్టలేదని ప్రమాణం చేయలేను. గంగప్ప అవతలి ఒడ్డుకు పోయి, నాట్లకు వచ్చే ఆడవాళ్ళను ఎక్కించుకుని వస్తుంటే నడి ఏట్లో సుడికి పుట్టి తిరగబడింది. చేతికందిన అందరినీ లాగాడు. ఈరమ్మ అనే ఒక్కామె అందలేదు.

ఊరంతా ఈరమ్మను వెతుకుతూ దిగువకు పరిగెత్తింది. నేను కంబం దగ్గరికి పరిగెత్తాను. ఇది రాయడానికి చెయ్యి రావడం లేదు. నీళ్ళలోకి దిగి, బోల్టు విప్పి, పలకను కిందికి జరిపి, రాతి మీద పాత తుప్పు మరక ఉన్నచోట తీగతో బిగించి కట్టాను. నెలల తరబడి చేయని పని అంత తొందరగా ఎట్లా చేయగలిగానో. ఎర్రగీత నీళ్ళలోకి పోయింది. పలక ఇప్పుడు ఉండాల్సిన చోటే ఉంది చూడండి. అట్లా సరిచేసే, ఏ తప్పూ లేని మనిషిని ముంచాను.

మధ్యాహ్నం జీపులో ఆఫీసర్ వచ్చాడు. గంగప్ప తడిబట్టలతో వణుకుతున్నాడు.

"గీత బయటే ఉండె సార్. చూసే దిగినా. ఈయప్ప గూడా చూసినాడు. చెప్పప్పా!"

"మునిగే ఉండె సార్" అన్నాను. "వద్దన్నా ఇన్లేదు."

ఆ రెండోమాట నన్నెవరూ అడగలేదు. నేనే కలిపాను. ఎందుకు కలిపానో ఎన్నిసార్లు ప్రశ్నించుకున్నా, భయం అనే జవాబు తప్ప ఇంకోటి రాలేదు. భయానికి అంత నోరుంటుందా?

గంగప్ప నన్ను తిట్టలేదు. నీళ్ళ కింద ఉన్న గీతను చూస్తూ ఉండిపోయాడు. రేవులో పుట్టి నడిపే పని వేరేవాళ్ళకు పోయింది. ఈరమ్మను చంపినవాడనే పేరు అతనికి మిగిలింది. నేను బదిలీ అడుక్కుని బళ్ళారి చేరాను.

చాలా ఏళ్ళకు, తొంభైలలో, తోరణగల్లులో కనిపించాడు. కట్టుబడి పనిలో కూలీ. తనే గుర్తుపట్టి, తనే టీ ఇప్పించాడు. నిష్ఠూరమాడితే బాగుండును. ఆడలేదు.

"ఆ పొద్దు నా కండ్లే మోసం చేసినాయప్పా" అన్నాడు. "మునిగిన గీతను బయట ఉండాదనుకుంటి. ఆయమ్మను నేనే ముంచితి."

అప్పుడైనా నోరు తెరవాల్సింది. "పోనీ బిడప్పా, పాతమాటలు ఇప్పుడెందుకు" అన్నాను. టీ తాగేసి బస్సెక్కాను.

రేవు పోగొట్టానని కుమిలేవాణ్ణి అంతవరకు. అంతకంటే పెద్దది పోగొట్టానని ఆ రోజు తెలిసింది. ఆయన కండ్లను ఆయనే నమ్మకుండా చేశాను. ఇప్పుడు ఉన్నాడో లేడో తెలియదు. వెతికావా అంటే, వెతకలేదు. దొరికితే చెప్పాలి కదా.

క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీ చేతిలోది కాదు. ఒక్క మాట ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి. అది రాసేస్తే ఈ పూటకైనా కాస్త నడుము నిలబెట్టి కూర్చోగలనేమో.

ఆ పొద్దున ఎర్రగీత నీళ్ళపైనే ఉండింది. గంగప్పా, నువ్వు సరిగ్గానే చూశావు.